పుట్టగొడుగుల పేజీ

పలకమీద అక్షరం చెరిపితే దానికి ఆనవాలైనా మిగలని కాలంలో చదువు మొదలుపెట్టి, కాగితంమీద ఎర్రసిరాతో కొట్టివేసిన తప్పు ఏడాది పొడుగునా వ్రాసినవారిని వెక్కిరించే కాలంలో ఉద్యోగంలో చేరి, ఒకరు వ్రాసినదానిని మరొకరు దిద్దితే పాతదీ కొత్తదీ రెండూ తేదీతో, వేళతో సహా నిలిచిపోయే కాలానికి వచ్చేసరికి జుట్టు సగం నెరిసిన ఆ టీచరమ్మ, ఇరవై తొమ్మిదేళ్ళుగా అదే బడిలో, ఎడమవైపు కిటికీ రెక్క ఎన్నడూ సరిగా మూసుకోని అదే జీవశాస్త్రపు గదిలో నిలబడి, ఆకునూ వేరునూ గుండెనూ ఎముకనూ వరుసగా వచ్చిపోయే పిల్లలకు విసుగన్నది లేకుండా చెబుతూ వచ్చింది.

బడిలో ఆమెను వికీ టీచరమ్మ అనేవారు. నిజానికి ఆ బిరుదు ఆమె భర్తకు చెందవలసినది. ఆయన అదే బడిలో వృక్షశాస్త్రం చెప్పిన మాస్టారు. ఆమెకంటె తొమ్మిదేళ్ళు పెద్ద. పదమూడేళ్ళ క్రిందట బడికి కంప్యూటర్లు వచ్చిన కొత్తలో, పిల్లలందరూ కలిసి తమ పాఠాన్ని తామే వ్రాసుకొనే పుస్తకం ఒకటి తెరమీద ఉండాలని ఆయన పట్టుబట్టారు. అదే వికీ. అందులో ఒక్కొక్క విషయానికి ఒక్కొక్క పేజీ. ఏ పేజీనైనా ఎవరైనా వ్రాయవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు. అయితే ఎందుకు దిద్దారో ఒక వరుసలో కారణం చెప్పాలి. మాటకు మాట వస్తే తేల్చుకోవడానికి ప్రక్కనే ఒక చర్చాపేజీ. ఏ మాటా అసలు పోదు. ‘చరిత్ర’ అని ఉన్నచోట నొక్కితే, మొదటినాటి నుంచి ఎవరు ఏమి చేర్చారో, ఎవరు ఏమి తీసివేశారో సమస్తం కనబడుతుంది.

"పాఠం పిల్లలే రాసుకుని, తప్పులు పిల్లలే దిద్దుకుంటే మనమెందుకండీ మాస్టారూ?" అని లెక్కల మాస్టారు గది గుమ్మంలోనే నిలదీశాడు.

"అదే నేనూ చూస్తున్నానండీ. వాళ్ళకి మనం అక్కర్లేని రోజు వస్తే మనం పాఠం చెప్పినట్టు."

ఆ మాట అన్నంత తేలిక కాదు. కాని ఆయన విషయంలో అది ఉత్తమాట కూడా కాదు. వికీ మొదలైన రెండో ఏట ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె ఆయన స్వయంగా వ్రాసిన పుట్టగొడుగుల పేజీ తెరిచి, మొదటి వాక్యాన్నే కొట్టివేసింది. పుట్టగొడుగులు పత్రహరితం లేని మొక్కలని ఆయన వ్రాశారు. తాను చదువుకొన్న రోజులలో నేర్చినది అదే. ఆ పిల్ల వ్రాసిన కారణం ఇది: ‘పుట్టగొడుగు మొక్క కాదు సార్. తన అన్నం తను వండుకోదు. అది వేరే వర్గం. లైబ్రరీలో కొత్త పుస్తకం చూశాను.’ మాస్టారు ఆ పుస్తకం తెప్పించుకొని రెండు రోజులు చదివి, పేజీ అంతా కొత్తగా వ్రాసి, కారణం ఉండవలసినచోట ఇలా పెట్టారు: ‘ఇరవై ఆరేళ్ళు తప్పు చెప్పాను. దిద్దిన చేతికి నమస్కారం.’

ఆ వారమంతా ఇంట్లో భోజనాల దగ్గర అదే కబురు. భర్త పోయాక తమ్ముడి ఇంటికి వచ్చి ఉన్న ఆయన అక్కగారు, అంటే టీచరమ్మకు వదినగారు, విని విని ఒకనాడు కంచం ముందు చేయి ఆపారు.

"తప్పు చేసి దొరికిపోయినందుకు ఇంత సంబరపడేవాణ్ణి నిన్నొక్కణ్ణే చూశానురా."

"దొరక్కపోతే అది ఇంకా నాలోనే ఉండేది కదక్కా."

పూర్వపు పండితులు సభలో తమను ఓడించినవారికి లేచి ఎదురువెళ్ళేవారని పెద్దలవల్ల వింటాము. ఆ గుణం గ్రంథాలలో ఉన్నంత విరివిగా మనుష్యులలో ఉండదు. ఆ ఇంటిలో ఉన్నది. దంపతులకు సంతానం లేదు; ఆ లోటు తలచుకొనే తీరిక కూడ వారికి లేదు. సాయంకాలాలు ఇద్దరూ ఒకే కంప్యూటరు ముందు రెండు కుర్చీలు వేసుకొని, పిల్లల మార్పులు చదివి నవ్వుకొనేవారు, వాదులాడుకొనేవారు. నాలుగు బడులు ఆ వికీలో చేరినవి.

మాస్టారు ఉద్యోగం విరమించిన మూడో ఏట మరపు మొదలయింది. కళ్ళు మూసి ఆకు నలిపి వాసన చూపితే చెట్టు పేరు, దాని కుటుంబం పేరు కూడ చెప్పగలిగినవారు, ఒక ఉదయం పెరటి కుండీలో మల్లెతీగ ముందు నిలబడి "ఇదేమిటోయ్?" అన్నారు. టీచరమ్మ హాస్యమనుకొన్నది. మరి రెండు నెలలకు వైద్యుడు ఆయన తల లోపలి పటాలను వెలుగుకెత్తి చూపి, కుర్చీ ఆమెకు దగ్గరగా జరుపుకొని చెప్పాడు.

"కొత్తవి ముందు పోతాయమ్మా. పాతవి తరవాత. వెనకనుంచి ముందుకు కాదు, ముందునుంచి వెనక్కి."

మరపు కూడ భగవంతుడు మనుష్యునికిచ్చిన వరమేనని అంటారు. దుఃఖాన్ని మరపించేది వరమే కావచ్చు. నేర్చినదానిని నేర్చిన క్రమంలోనే వెనుకకు ఊడ్చుకొనిపోయేదానిని ఏమనాలో ఈ వ్రాసేవానికి తెలియదు.

ఆమె ఉద్యోగం ఇంకా ఆరేళ్ళు మిగిలి ఉన్నది. ఉదయం ఎనిమిదిన్నరకు బయలుదేరేది. వదినగారు వంటపనిలో ఉండగా మాస్టారు ముందుగదిలో పాత కంప్యూటరు దగ్గర కూర్చొనేవారు. ఏమి చదువుకొంటున్నారో ఎవరూ అడగలేదు. కూర్చొని ఉన్నారు, అదే చాలుననుకొన్నారు.

ఆ ఏడు తొమ్మిదో తరగతిలో వికీకి కాపలాదారు ఒక పిల్ల. ముఖంలో సగభాగం కళ్ళజోడే కనుక అందరూ ఆమెను కళ్ళజోడు అనే పిలిచేవారు; ఆమె కూడ పలికేది. ఒకనాడు పాఠం మొదలు కాకముందే లేచి నిలబడింది.

"మేడమ్, పుట్టగొడుగుల్ని మళ్ళీ మొక్కలు చేసేశారు."

"ఎవరు?"

"పేరు లేదు మేడమ్. లాగిన్ కాకుండా రాస్తున్నారు. రాసిన కంప్యూటరు గుర్తు అంకెలు కనబడుతున్నాయి అంతే. మేం సరిచేస్తాం, మర్నాడు పదింటికల్లా మళ్ళీ మొక్క. ఇది పదకొండోసారి."

"పుట్టగొడుగులు కదే, రాత్రికి రాత్రే మొలుస్తాయి" అన్నది వెనుకబెంచీ నుంచి ఒకతె. తరగతి ఘొల్లుమన్నది. టీచరమ్మ కూడ నవ్వింది.

అర్ధసంవత్సరం పరీక్షలు నెలరోజులలోకి వచ్చినవి. నాలుగు బడుల పిల్లలూ ఆ పేజీ చూసే చదువుకొంటున్నారు. రెండో బడిలో ముప్పైమంది పిల్లలు తప్పు వాక్యాన్నే నోటుపుస్తకాలలోకి ఎక్కించుకొన్నారని ఆ బడి టీచరు ఫోను చేసి నిష్ఠూరమాడింది. ఎవరో పోకిరి పని అని అందరూ తేల్చారు. టీచరమ్మకు చిరాకు తలకెక్కింది. మధ్యాహ్నం ఖాళీగా ఉన్న గంటలో, ఆ అంకెలవారికి అందేటట్లు తన పేరుతో ఒక సందేశం వ్రాసింది.

‘మీరెవరో మాకు తెలియదు. పరీక్షకు చదువుకొనే పిల్లల శ్రమను రోజూ పాడు చేస్తున్నారు. నేర్చుకొనే బుద్ధి ఉంటే నేర్చుకోండి. లేకపోతే ఈ పేజీ జోలికి రాకండి.’

మరునాటి సాయంకాలం ఆమె ఇంటికి వచ్చి చెప్పులు విప్పుతూ ఉండగానే ముందుగదిలోనుంచి మాస్టారు పిలిచారు.

"ఏమోయ్, ఒక్కసారి ఇలా రా. నన్నెవరో కోప్పడ్డారు."

ఆమె వచ్చి ఆయన భుజం వెనుక నిలబడి తెర చూచింది. తన మాటలే. నాలుగు వాక్యాలు. క్రింద తన పేరు. చేతిసంచి భుజంమీదనే ఉండిపోయింది.

"కింద నీ పేరు పెట్టారు చూశావా? నువ్వు కావులే."

"ఎందుకు కాదండీ?" అన్నది, ఆ గొంతు తనదేనా అన్నట్లు.

"నువ్వైతే కారణం రాస్తావు. ఇందులో కోపం ఉంది గాని కారణమేదీ?" ఆయన తెరను వేలితో తట్టారు. "ఎవరో పిల్లలు నీ పేరు వాడుకున్నారు. పోనీలే, వాళ్ళనేమీ అనకు. నాకు మాటలు కుదరటం లేదు, నువ్వొక జవాబు రాసి పెట్టు. పాడు చెయ్యటానికి రాలేదని రాయి."

"రాస్తానండీ."

"చివర నమస్కారం పెట్టు."

ఆయన టీ త్రాగడానికి లోపలికి వెళ్ళాక ఆమె ఆ కుర్చీలో కూర్చొని పేజీ చరిత్ర తెరిచింది. ఆ అంకెలతో ఎన్ని మార్పులున్నవో అప్పటిదాకా ఆమె ఒక్క వరుసలో చూడలేదు. ఐదు నెలలు, డెబ్బై రెండు మార్పులు. మొదట్లో ఆయన నిరుడు చేర్చిన వాక్యాలను మాత్రమే తీసివేశారు. కారణాలు రెండేసి వరుసలు, అచ్చం తరగతిలో చెప్పినట్లే ఉన్నవి. తరువాత మూడేళ్ళనాటి బొమ్మలను తీసివేశారు. తరువాత ఆరేళ్ళనాటివి. కారణం ఒక వరుస అయింది, రెండు మాటలయింది, ‘తప్పు’ అని ఒక్కమాట అయింది, ఆపైన ఖాళీ. ఏటికేడు వెనుకకు నడిచి, చివరకు ఆ ఎనిమిదో తరగతి పిల్ల దిద్దిన వాక్యం దగ్గరకు వచ్చి, నమస్కారం పెట్టి తాను స్వీకరించిన దిద్దుబాటునే రోజూ ఉదయం పదిగంటలకు కొట్టివేస్తున్నారు. వైద్యుడు పటంలో చూపినది ఆమెకు ఆనాడు సగమే అర్థమయింది. ఇక్కడ తేదీలతో, వేళలతో, నిమిషాలతో సహా ఉన్నది.

వదినగారు టీ గ్లాసు తెచ్చి ప్రక్కన పెట్టారు. ఆమె ముఖం చూచి తెర చూచారు. అంతగా చదువుకోకపోయినా ఆవిడకు విషయం అందింది.

"మా తమ్ముడు మీ బడిలో అల్లరి చేస్తున్నాడా అమ్మాయ్?"

"అవునొదినా."

"చిన్నప్పుడు చెయ్యనిదంతా దాచుకున్నాడన్నమాట." గ్లాసు ఆమె దగ్గరకు జరిపి అడిగారు. "ఆపగలవా?"

"ఆపగలను. ఆ మీట నా ఒక్కదాని చేతిలోనే ఉంది."

"ఆపితే పొద్దున్నంతా వాడేం చేస్తాడు?"

ఒకప్రక్క నాలుగు బడుల పిల్లల చదువు. ఇంకొకప్రక్క ఈయనకు మిగిలిన ఒక్క గంట.

"పోనీ, అచ్చం అలాగే ఉండే పుస్తకం ఇంకోటి పెట్టరాదూ?" అన్నారు వదినగారు. "వాడి పేజీ వాడిది, పిల్లల పేజీ పిల్లలది. పసివాడు అసలు కత్తెర కావాలని ఏడిస్తే బొమ్మ కత్తెర ఇస్తాం. ఇదీ అంతేగా."

టీచరమ్మ అలాగే చేసింది. వికీ మొత్తానికి ఒక నకలు తీసి ఇంటి కంప్యూటరు తెరవగానే అదే వచ్చేటట్లు పెట్టింది. తరువాత అసలు వికీలో ఆ అంకెలను నిషేధించింది. నిషేధానికి కూడ ఒక కారణం వ్రాయమని తెర అడిగింది. ‘పేజీని పదేపదే పాతరూపానికి మారుస్తున్నారు’ అని వ్రాసింది. అందులో అబద్ధం లేదు. అయినా మీట నొక్కిన వేలిని ఆమె చాలాసేపు కొంగులో పట్టుకొని కూర్చున్నది.

ఎనిమిది రోజులు అంతా బాగానే ఉన్నది. మాస్టారు ఉదయం కూర్చొనేవారు, పుట్టగొడుగులను మొక్కలు చేసేవారు, లేచేవారు. మరునాడు చూస్తే అవి మొక్కలుగానే ఉండేవి. తొమ్మిదోనాడు భోజనం మధ్యలో తలెత్తారు.

"పిల్లలకు సెలవులా?"

"లేదండీ. బడి జరుగుతోంది."

"మరి ఎవరూ దిద్దటం లేదే?"

"అన్నీ సరిగ్గా రాస్తున్నారేమోనండీ."

"నేనా?" ఆయన నవ్వారు. చాలా రోజులకు వచ్చిన పూర్వపు నవ్వు. "నేను ఇన్ని రోజులు తప్పు రాయకుండా ఉంటానటోయ్? వాళ్ళు రావటం మానేశారు." చేయి కడుగుకొంటూ మళ్ళీ అన్నారు. "అక్కడ ఎవరూ లేరు. గోడతో మాట్లాడినట్టుంది."

ఆ మరునాటి నుంచి ఆయన కంప్యూటరు దగ్గరకు పోలేదు. కిటికీ ప్రక్క కుర్చీలో కూర్చొని వీధి చూచేవారు. ఆమె తెర తెరిచి పెట్టి వెళ్ళేది. సాయంకాలం వచ్చేసరికి అది అలాగే ఉండేది. తాను పెట్టిన ఏర్పాటులో ఏమి లోపించిందో ఆమెకు తెలిసిపోయింది. వ్రాయడం ఆయనకు ఎన్నడూ ప్రాణం కాదు. ఎదురుచెప్పేవారుండటం ప్రాణం. తరగతికి చెబితే చాలు, పిల్లలు వస్తారు. కాని ఏమని చెప్పాలి? తన భర్తను పోకిరి అన్నది తానే. సిగ్గు ఒకవైపు, పరీక్షలు ఒకవైపు. ఇవాళ కాదు రేపు అనుకొంటూ పరీక్షలు పూర్తి అయ్యేదాకా మూడు వారాలు జరిపింది. ఆ మూడు వారాలనే ఆమె తరువాత ఎన్నటికీ క్షమించుకోలేకపోయింది.

పరీక్షల తరువాతి మొదటి పాఠంలో, పుస్తకం మూసి, బల్లకు ఆనుకొని నిలబడి చెప్పింది. ఆ అంకెలు తమ ఇంటివని. ఆయన ఎవరో, ఆయనకు ఏమయిందో, తాను ఏమి వ్రాసిందో. కళ్ళజోడు నెమ్మదిగా లేచింది.

"నేనూ ఒకటి రాశాను మేడమ్. ‘అసలు మీకు పాఠం చెప్పిందెవరు’ అని."

"తెలియక రాశావమ్మా. నేనూ అంతే."

"మేం ఇప్పుడు సార్ పేజీలోకి రావచ్చా?"

"రండి. కాని ఆయన రాయటం మానేశారు. దిద్దటానికి అక్కడేమీ లేదు."

పిల్ల ఒక నిమిషం ఆలోచించింది. "అయితే మనమే ఒక తప్పు రాద్దాం మేడమ్. సార్ దిద్దుతారు."

తరగతికి ప్రాణం వచ్చింది. ఏ తప్పు అన్నదానిమీద పెద్ద వాదమే జరిగింది.

"చేపకి రెక్కలున్నాయని రాద్దాం."

"సార్‌ది మొక్కల సబ్జెక్టే, మొద్దూ."

"అరటిచెట్టుకి ముళ్ళుంటాయని?"

"అది తప్పు కాదు, నీ తలకాయ. ఎవరైనా చూసి నవ్వి ఊరుకుంటారు. చూడగానే చెయ్యి ఆగకుండా ఉండాలి."

చివరకు కళ్ళజోడు తేల్చింది. మూడో తరగతి పిల్లకైనా తెలిసిన తప్పు. ‘మొక్కలో ఆహారాన్ని తయారుచేసేది వేరు. ఆకు నేలలోని నీటిని పీల్చుకొంటుంది.’ ఆకుల పేజీలో మొదటి వాక్యంగా పెట్టారు. చర్చాపేజీలో నలభై రెండుమంది వరుసగా సంతకాలు చేసి, ‘సార్, ఇది సరేనా?’ అని అడిగారు.

ఆదివారం ఉదయం పదిగంటలకు టీచరమ్మ ఆయనను చేయి పట్టుకొని తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టింది. ప్రక్కన రెండో కుర్చీ వేసుకొన్నది. వదినగారు చేతిలో పని వదలి తలుపు దగ్గరకు వచ్చి నిలబడ్డారు.

"పిల్లలు మీకోసం రాశారండీ. ఒకసారి చూడండి."

మాస్టారు కళ్ళద్దాలు సవరించుకొన్నారు. తరగతిలో చదివినట్లే అక్షరాల క్రింద చూపుడువేలు పెట్టి, ఒక్కొక్క మాటను విడదీసి పైకి చదివారు. మొక్కలో. ఆహారాన్ని. తయారుచేసేది. వేరు. అక్కడ వేలు ఆగింది. తలుపు దగ్గర వదినగారి చేతి గాజు ఒకటి చప్పుడు చేసి ఆగింది.

వేలు కదిలి ముందుకు సాగింది. వాక్యం చివరిదాకా వెళ్ళింది.

"బాగుంది" అన్నారు మాస్టారు. "సరిగ్గా రాశారు."

"ఇంకోసారి చూడండి" అన్నది ఆమె. "తప్పేమైనా ఉందేమో."

ఆయన బుద్ధిమంతుడైన పిల్లవానివలె మళ్ళీ మొదటినుంచి చదివారు. ఈసారి వేలు ఎక్కడా ఆగలేదు. తల ఊపి, ఆమెవైపు తిరిగి, కొత్తవారిని పలకరించే మర్యాదతో అడిగారు.

"మీరు ఏ బడిలో చెబుతారమ్మా?"

"మీ బడిలోనే మాస్టారూ."

"మంచిది. మంచి పిల్లలు దొరికారు మీకు."

వదినగారు వంటింటిలోకి వెళ్ళిపోయారు. అక్కడ చాలాసేపు గిన్నెల చప్పుడేదీ వినబడలేదు.

సోమవారం నలభై రెండు ముఖాలూ ఆమెవైపే చూస్తున్నవి. దిద్దారని ఒక్కమాట చెబితే ఆ గది పండుగ చేసుకొంటుందని ఆమెకు తెలుసు. ఇంటి కంప్యూటరులో తానే దిద్దివేసి వచ్చినా పట్టుకొనేవారు లేరని కూడ తెలుసు. దారి పొడుగునా ఆ ఆలోచన వెంటనే వచ్చింది. తరగతి గుమ్మం దగ్గర ఆమె దానిని వదిలిపెట్టింది.

"దిద్దలేదమ్మా. బాగుందన్నారు."

కళ్ళజోడు అడిగింది, చాలా మెల్లగా.

"ఇంకా సులువైన తప్పు పెడదామా మేడమ్?"

"ఇంతకంటే సులువైంది లేదు తల్లీ."

పిల్ల అద్దాలు తీసి గౌను అంచుతో తుడవసాగింది, తుడిచిన దానినే మళ్ళీ మళ్ళీ. టీచరమ్మ వెనుతిరిగి సుద్దముక్క తీసుకొన్నది. ఆనాటి పాఠం గుండె. నాలుగు గదులూ గీసి, రక్తం ఏ దారిన వచ్చి ఏ దారిన పోతుందో బాణపు గుర్తులు వేస్తూ చెప్పింది. ఒక్క గుర్తు తలక్రిందులుగా పడింది. ఎవరో లేచి చెప్పారు. ఆమె దిద్దుకొని, చెప్పిన పిల్లకు నమస్కారమన్నది.

ఇప్పుడు ఆ ఇంటిలో సాయంకాలాలు వేరుగా గడుస్తున్నవి. ఆమె పిల్లలు వ్రాసిన పేజీలను ఆయనకు చదివి వినిపిస్తుంది. ప్రతి వాక్యానికీ ఆయన బాగుందంటారు. వదినగారు పూర్వంవలె దెప్పడం మానుకొని, ప్రక్కన కూర్చొని వింటారు. ఆకులో జరిగే వంట సంగతి ఆవిడకు ఈ వయస్సున తెలిసింది.

ఎదురుమాటను ఆదరించిన ఆ మాస్టారికి మిగిలిన దినాలు భయంలేనివై, నొప్పిలేనివై సాగునుగాక. గుర్తింపు తిరిగిరాని కన్నులలోకి ప్రతి ఉదయమూ చూచి పలకరించే ఆ ఇల్లాలికి సర్వేశ్వరుడు ఓర్పును తరగని ఊటగా ఇచ్చునుగాక. ఆ అక్కగారి చేతి అన్నం ముగ్గురికీ ఒంటబట్టునుగాక. ఆ గడప శాంతితో నిండి ఉండునుగాక.